తాళంచెవి ఎవరి మొలకుంది?

సర్కారు కూడా అద్దెకుంటుంది. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో లేదు. నేను ప్రభుత్వ బడిలో సోషల్ చెప్పే పంతుల్ని. ప్రభుత్వం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద శాసనసభ, మంత్రివర్గం, న్యాయస్థానం అని మూడు గళ్లు గీసి చెప్పాలి. అంతా చెప్పాక, మీ ఊళ్లో ప్రభుత్వం యాడుందిరా అని అడిగితే, ఫలానా వాళ్ల మిద్దెలో ఉంది సార్ అంటారు పిల్లలు. వాళ్లు చెప్పిందే నిజం. పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ, హాస్టలు, పోస్టాఫీసు, మా వైపు పల్లెల్లో ఇవన్నీ ఏదో ఒక కాలంలో ఎవరో ఒకరి ఇంట్లో అద్దెకు బతికినవే. ఆ ఎవరో ఒకరు ఎన్నడూ మా వాళ్లు కారు. సర్కారు అద్దెకు తీసుకునేంత ఇల్లు మా వాళ్లకు ఎప్పుడుంది గనక?

మాది నాయుడుపేటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. ఊరు అంటున్నాను గానీ నేను ఊరివాణ్ణి కాదు. ఊరికి తూర్పున ఉండే అరుంధతీవాడ వాణ్ణి. రికార్డుల్లో అరుంధతీవాడ, ఊరోళ్ల నోట్లో మాదిగపాళెం. ఊరి పేరు రాయడం లేదు. ఆ పెద్దిల్లు ఇంకా ఉంది. ఆ ఇంటి వాళ్లున్నారు. వాళ్ల చేలో కూలికి పోయే మా వాళ్లూ ఉన్నారు.

మా నాయన ఆ పెద్దింట్లో జీతానికి ఉండేవాడు. తీరిక దొరికితే చెప్పులు కుట్టేవాడు. పంచాయతీ ఆఫీసు ఆ ఇంటి ముందు వసారాలోనే ఉండేది. ఒక బీరువా, ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు గాంధీ పటం. అద్దె ఎంతో మాకు తెలీదు. తెలిసిందల్లా ఒకటే. నాయన ఆ ఇంటికి రోజూ పోయేవాడు, కానీ పెరటి దోవన. ఆఫీసుకు పోవాలంటే వీధి దోవన పోవాలి. పెరటి దోవన పోయే మనిషి వీధి దోవన ఎట్టా పోతాడు? అందుకని సర్కారుతో పనిబడితే నాయన వీధిలో వేపచెట్టు కింద నిలబడేవాడు. గుమాస్తా బయటికొచ్చినప్పుడు అడగాలి. రాకపోతే రేపు. నా కుల సర్టిఫికెట్ కోసం రాయించాల్సిన కాగితానికి నాయన నాలుగు రోజులు కూలి పోగొట్టుకున్నాడు. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికుంది?

2001 పంచాయతీ ఎన్నికల్లో మా ఊరు ఎస్సీ మహిళకు రిజర్వయింది. పెద్దిల్లు ఆలోచించి మా అత్తను నిలబెట్టింది. అత్త మా మేనమామ భార్య. వాళ్ల గొడ్ల కొట్టం ఊడ్చే మనిషి. ఎదురు మాట్లాడదని లెక్క. అత్త సర్పంచి అయింది. తెల్లారి యథాప్రకారం చీపురు పట్టుకుని పెరటి దోవన కొట్టంలోకి పోయింది. పది గంటలకు పంచాయతీ ఆఫీసు ముందు వసారాలో తెరిచారు. సర్పంచి వెనక పేడ ఎత్తుతోంది.

సంతకాలు కావాలి గదా. గుమాస్తా రిజిస్టరు తీసుకుని వెనక్కొచ్చేవాడు. అత్త తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఎడమ చేత్తో పుస్తకం అదిమిపట్టి సంతకం పెట్టేది. వయోజన విద్య బడిలో నేర్చుకున్న సంతకం. అయిదేళ్లూ అట్లాగే జరిగింది. ఒక్కసారి మాత్రం అడిగిందంట, ‘ఆఫీసు నాది గదయ్యా, నేను లోపలికొచ్చి కూసోగూడదా?’ అని. ఆ గుమాస్తా చెడ్డవాడేం కాదు. నెమ్మదిగానే చెప్పాడు, ‘ఆఫీసు నీదేనమ్మా. ఇల్లు వాళ్లది.’

నేను చదివిన రాజనీతి శాస్త్రం అంతా ఈ ఒక్క మాటలో ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1992లో వచ్చింది. మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. మా అత్తకు కుర్చీ వచ్చింది. ఆ కుర్చీ వేసిన ఇల్లు మాత్రం రిజర్వు కాలేదు.

ఆరో తరగతికి నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేశారు. అది కూడా అద్దె కొంపే. ఒకాయన వడ్ల గోడౌను. పిల్లకాయలం అరవై మందికి పైగా ఉండేవాళ్లం. కోతలు అయిపోయినాక గోడౌను ఆసామి వచ్చి రెండు గదులు ఖాళీ చేయమనేవాడు. బస్తాలు వేసుకోవాలంట. వార్డెను ఎదురు చెప్పలేడు. ఎందుకంటే అద్దె బిల్లు నెలల తరబడి రాదు. ఆసామి ‘పొమ్మంటే ఎక్కడికి పోతారు?’ అనేవాడు. నిజమే, మాకు ఇల్లు ఇచ్చేదెవరు? వడ్లు లోపల పడుకునేవి. మేం వసారాలో పడుకునేవాళ్లం. రెండింటికీ అద్దె కట్టింది సర్కారే. మా బువ్వకు, బట్టకు, నోటుపుస్తకానికి శాంక్షన్ చేసిన పద్దులోనుంచే ఆ వడ్లకు కూడా నీడ దొరికింది.

ఆ హాస్టలే లేకుంటే నాకు చదువే లేదు. అది కాదనను. మా వాడలో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి, డిగ్రీ చేసిన మొదటివాణ్ణి నేనే. 2014 డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వస్తే కులం పలచబడుతుందని మా నాయన నమ్మకం. నాయుడుపేటలో ఇల్లు వెతికేదాకా నేనూ కొంచెం నమ్మాను.

నాయుడుపేట చిన్నదేం కాదు. చెన్నై-కోల్‌కతా హైవే మీద ఊరు, తిరుపతి రోడ్డు కలిసే చోటు, రైలుంది, దగ్గర్లో ఫ్యాక్టరీలున్నాయి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి అద్దెకుంటారు. టులెట్ బోర్డులకు కొదవ లేదు. తలుపు కొట్టగానే మర్యాదగా కూర్చోబెడతారు. టీచరు అంటే సంతోషిస్తారు. జీతం నెలనెలా వస్తుంది గదా. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. తర్వాత ‘మీరేమిట్లు?’ అంటారు. ఆ తర్వాత వాళ్ల అల్లుడు వస్తున్నాడని, పోర్షనుకు రిపేర్లున్నాయని గుర్తొస్తుంది. ఏడు ఇళ్లలో ఏడుగురు అల్లుళ్లు వచ్చారు. నా జీతం బిల్లులో ఇంటి అద్దె అలవెన్సు ప్రతి నెలా పడుతూనే ఉంది. అద్దె ఉంది, ఇల్లే లేదు.

ఆ ఏడింటిలో ఒక ఇంటి పై అంతస్తులో తర్వాత ఒక ప్రభుత్వ ఆఫీసు దిగింది. ఏ ఆఫీసో చెప్పను. సర్వీసు పనుల మీద నేను అక్కడికి పోవాల్సొచ్చింది. మెట్లు ఇంటి పక్క నుంచి. ఇంటాయన అరుగు మీద కూర్చుని చూశాడు, గుర్తుపట్టాడు, తల తిప్పుకున్నాడు. నన్ను అద్దెకు రానివ్వని ఇంట్లోకి సర్కారు రానిచ్చింది. సర్కారును ఆ ఇంటాయన రానిచ్చాడు. ఆ ఇద్దరి మధ్య అగ్రిమెంటులో నా సంగతి ఎక్కడా లేదు.

ఇల్లు దొరకని మొదటి ఉద్యోగిని నేనేం కాదు. 1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా సంస్థానంలో కొలువుకు చేరాడు. ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఆయన ఆఫీసరే. ఆఫీసులో కుర్చీ ఉంది. కానీ ఊళ్లో కప్పు లేదు. మన వాళ్లు ఈ కథను అవమానం కథగా చెప్పుకుంటారు. నేను దాన్ని భవనాల కథగా కూడా చదువుతాను. కొలువు ఇచ్చిన రాజ్యం ఆ కొలువు చేసే మనిషికి నీడ దొరుకుతుందా లేదా అని చూడలేదు.

సర్కారు ఒక ప్రైవేటు ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే పద్ధతి ఉంది. ప్రభుత్వ భవనం ఏదీ ఖాళీగా లేదని ఒక సర్టిఫికెట్ కావాలి. అడిగిన అద్దె సబబేనని రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు ఇంకో సర్టిఫికెట్ ఇవ్వాలి. టేపు పట్టి చదరపు అడుగులు కొలుస్తారు. గోడ ఏ రకం, కప్పు ఏ రకం, కరెంటుందా, నీళ్లున్నాయా అని చూస్తారు. ప్రజల డబ్బు గదా, అన్నీ చూడాల్సిందే. కానీ ఆ టేపు గడప దగ్గర మొదలవుతుంది. వాడ నుంచి ఆ గడపకు ఎంత దూరమో ఆ టేపు కొలవదు. ఈ గడప అందరూ తొక్కొచ్చా అనే గడి ఆ ఫారంలో లేదు.

లేకపోవడానికి వీల్లేదు నిజానికి. బొంబాయి శాసనమండలిలో 1923లోనే ఎస్.కె. బోలే తీర్మానం పెట్టి గెలిపించాడు. ప్రజాధనంతో కట్టిన, నడిపే బావులు, సత్రాలు, బడులు, కోర్టులు, ఆఫీసులు, ఆస్పత్రులు అంటరానివారికీ తెరవాలని. ఆ తీర్మానాన్ని పట్టుకునే 1927 మార్చిలో మహద్ చెరువు నీళ్లు ముట్టారు. అదే ఊపిరి రాజ్యాంగంలో ఆర్టికల్ 15(2)లో ఉంది. పూర్తిగా గానీ కొంత గానీ రాజ్యం డబ్బుతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, జనం కూడే చోట్లు కులం పేరుతో ఎవరికీ మూయకూడదు. ‘కొంత గానీ’ అన్న మాట పట్టుకోండి. నెలనెలా ఖజానా నుంచి అద్దె తీసుకునే వసారా ఆ మాట కిందికి రాదా? అద్దె తీసుకున్నన్నాళ్లూ అది పెద్దింటి వసారా కాదు, పబ్లిక్ చోటు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి తెచ్చిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చాయి. పంచాయతీలో పదవిలో ఉన్న దళితుల్ని విధులు చేయనీయకుండా అడ్డుకోవడం అందులో నేరం. మా అత్త పదవి అప్పటికి పదేళ్ల క్రితమే అయిపోయింది.

ప్రభుత్వం ఎక్కడ కూర్చుంటుందన్నది మన వాళ్లకు ఎప్పుడూ చిన్న విషయం కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బతికినవాళ్లు న్యాయం అడిగారు, న్యాయం ఎక్కడ కూర్చోవాలో కూడా అడిగారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టమన్నారు. పోరాడి సాధించారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే విచారణ జరిపి 2007 జులై 31న శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ కొట్టివేత మనకు గుండెకోతే. అయినా కోర్టు మా గడపలోకి రావాలి అని దళితవాడ అడగడం, వచ్చేట్టు చేయడం ఈ దేశంలో చిన్న సంగతి కాదు.

2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి మా నాయుడుపేటను తీసి కొత్త తిరుపతి జిల్లాలో కలిపారు. కొత్త జిల్లాకు కలెక్టరాఫీసు కావాలి. తిరుచానూరులో తిరుమల తిరుపతి దేవస్థానం యాత్రికుల కోసం కట్టిన పద్మావతి నిలయాన్ని తీసుకున్నారు. కరోనా కాలంలో అందులోనే రోగుల్ని ఉంచారు. దేవస్థానం భవనం సర్కారుకు ఇవ్వొచ్చా అని విషయం హైకోర్టు దాకా పోయింది. చివరికి కొత్త జిల్లా ఆ కప్పు కిందే మొదలైంది. భవనం పెద్దది, గదులున్నాయి, అందుకు తీసుకున్నారు. దాన్ని తప్పుపట్టను.

ఆ ఏడే మా అమ్మను ఇంటి స్థలం అర్జీ ఇప్పించడానికి అక్కడికి తీసుకుపోయాను. సోమవారం, జనం కిటకిట. మెట్ల దగ్గర అమ్మ ఆగి చెప్పులు విప్పింది. ‘ఎందుకమ్మా, అది గుడి కాదు, కలెక్టరాఫీసు’ అన్నా. ‘దేవస్థానం వాళ్లది గదా అబ్బయా’ అంది. విప్పమని ఎవరూ చెప్పలేదు. లోపల ఆఫీసరు కూర్చోమ్మా అని కుర్చీ చూపించాడు, కాగితం తీసుకున్నాడు, రసీదు ఇచ్చాడు. అమ్మ మాత్రం ఉత్తి కాళ్లతోనే ఉంది. మా నాయన కుట్టిన చెప్పులు తొడుక్కుని ఊరి వీధిలో నడవలేక చేత్తో పట్టుకుని నడిచిన కులం మాది. సర్కారు ఏ కప్పు కిందికి పోయినా, ఆ కప్పు మీద మాకున్న పాత భయాలు కూడా సర్కారు వెంటే పోతాయి. అది కట్టినవాళ్ల తప్పు కాకపోవచ్చు. కానీ సర్కారు సొంత గడప అయితే అమ్మ అంత ఆలోచించేది కాదు.

సొంత భవనం ఉంటే అన్నీ అయిపోతాయని నేననను. రాష్ట్రం 2014లో విడిపోయినాక రాజధాని ఆఫీసులే విజయవాడ చుట్టుపక్కల అద్దె ఇళ్లు వెతుక్కున్నాయి. హైదరాబాదులో 2022లో కొత్త సచివాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. సంతోషమే. కానీ పల్లెలో సొంత భవనం కట్టినా రామాలయం పక్కనే కడతారు, పెద్దిళ్ల వీధిలోనే కడతారు. స్థలం ఇచ్చిన దాత పేరు రాయి మీద ఉంటుంది. ఆ రాయి కూడా ఒక తాళమే. దీనికి మందు ఏమిటో కూడా రాసే ఉంది. 2004 అక్టోబరు 7న ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఎస్సీ ఎస్టీ వాడకూ అంగన్‌వాడీ పెట్టమంది. పసిపిల్లల గుడ్డుకు వర్తించిన న్యాయం సర్పంచి కుర్చీకి ఎందుకు వర్తించదు?

2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. మా ఊరికీ వచ్చింది. భవనం శాంక్షనయింది. వాడ పక్కన సర్కారు పోరంబోకు ఉంది. మా పిల్లకాయలు పోయి అక్కడ కట్టమని అడిగారు. ఊరి పెద్దలు అన్నారు, ‘ఆడ కడితే మా ఆడోళ్లు మాదిగపాళెంలోకి రావాల్నా?’ అని. మా ఆడోళ్లు మీ వీధిలోకి రావడం లేదా అని అడిగితే జవాబు లేదు. భవనం ఊళ్లో మొదలైంది. పిల్లర్లు లేచాయి, ఆగాయి. సచివాలయం మళ్లీ పెద్దింట్లోకే అద్దెకు పోయింది. ఆ ఇంటి పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇల్లు పాడుబడకుండా సర్కారు చూసుకుంటోంది.

ఒక మార్పు మాత్రం ఉంది. ఆ సచివాలయంలో ఇప్పుడు మా అత్త మనవరాలు ఉద్యోగం చేస్తోంది. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. ముందు వసారాలో, ఒకప్పుడు వాళ్ల అవ్వ కూర్చోలేని చోట, కంప్యూటరు ముందు కూర్చుంటుంది. కానీ తాళంచెవి పెద్దింటి కాపలావాడి దగ్గర. అతను వచ్చి తీసేదాకా ఆ పిల్ల మెట్టు మీద నిలబడాలి. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి గంట. హాజరు ఆలస్యమైతే సంజాయిషీ ఆ పిల్లే ఇవ్వాలి.

వాడలో కూర్చుని మాట్లాడుకున్నాం. అగ్రిమెంటులో ఏముందో చూద్దాం అన్నా. 2005 సమాచార హక్కు చట్టం ఉంది గదా. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నేను రాస్తాననేసరికి అత్త అడ్డం పడింది. ‘నువ్వు ఉద్యోగస్తుడివి, నిన్ను ఇబ్బంది పెడతారు. నా పేరున రాయి’ అంది. రాశాను. డెబ్బై ఏళ్ల మాజీ సర్పంచి పీట మీద కూర్చుని, కాగితం బల్ల మీద పెట్టుకుని సంతకం చేసింది. ఈసారి చేతులు కడుక్కోలేదు.

అగ్రిమెంటు నకలు వచ్చింది. అద్దె చెల్లించినన్నాళ్లూ ఆ గదుల స్వాధీనం సర్కారుదేనని అందులో రాసే ఉంది. ఆ కాగితం జతచేసి సోమవారం అర్జీ పెట్టాం. మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు, చదివాడు, తాళంచెవి ఇప్పించాడు. ఇప్పుడది మా పిల్ల హ్యాండుబ్యాగులో ఉంది. వాడ పక్క పోరంబోకులో భవనం కట్టమని పెట్టిన అర్జీ మాత్రం ఇంకా తిరుగుతోంది. మేమూ దాని వెంట తిరుగుతున్నాం.

విద్యార్థులారా, మీరు ఊళ్లకు పోతారు, సర్వేలు చేస్తారు. చేలు ఎవరివి, బావి ఎవరిది, గుడి ఎవరిది అని రాసుకొస్తారు. ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చండి. ఆ ఊళ్లో సర్కారు బోర్డు ఎవరి గోడకు ఉంది? అద్దె ఎవరికి పోతోంది? తాళంచెవి ఎవరి దగ్గరుంది? వాడ నుంచి వచ్చిన మనిషి లోపల ఎక్కడ కూర్చుంటున్నాడు? మూడో ప్రశ్న దాకా జవాబులు కాగితాల్లో దొరుకుతాయి. నాలుగోదానికి పొద్దున పది గంటలకు పోయి ఆ గడప దగ్గర కాసేపు నిలబడాలి.